ఉక్కుకీ హక్కుకీ చుట్టరికం లేదు

మా బావ విశాఖ పోర్టులో పనిచేస్తాడు. ఓసారి గ్రీకు నావికుడొకడు మంచినీళ్లు అడుగుతూ 'నెరో' అన్నాడట. ఆ రాత్రి భోజనాల దగ్గర బావ తేల్చేశాడు: "ఏటనుకున్నావ్, నీరు అన్న మాట గ్రీకోళ్లు మన దగ్గరే నేర్చుకున్నారు." తెల్లారేసరికి అది ఫ్యామిలీ గ్రూపులో ఫార్వర్డ్ అయిపోయింది.

కానీ గ్రీకులో నీళ్లకి పాత మాట వేరే ఉంది, 'హుదోర్'. తాజా నీళ్లు అనడానికి దాని ముందు 'తాజా' అనే అర్థమున్న విశేషణం ఒకటి చేర్చేవారు. పోనుపోను అసలు మాట జారిపోయింది, విశేషణమే నీళ్లయి కూర్చుంది. కిళ్లీకొట్లో "ఒక కూలింగ్ ఇవ్వన్నా" అంటే నీళ్ల బాటిలే చేతికొస్తుంది కదా, అలాంటిదే. మన నీరు తోబుట్టువులు తమిళ 'నీర్', కన్నడ 'నీరు'. గ్రీకు 'నెరో' వేరే దారిన నడిచొచ్చి మన వీధిలో ఎదురుపడిందంతే.

చిన్న మాటలతో ఇదే తంటా. నోరు పలికే శబ్దాలు కొన్నే, లోకంలో మాటలు లక్షలు. రెండక్షరాల మాటలు ఎక్కడో ఒకచోట గుద్దుకోక తప్పదు. ఒక్క జంట మాటలు కలిస్తే అది సాక్ష్యం కాదు. ఒకే తేడా వరసగా పది మాటల్లో కనిపిస్తే అప్పుడు చుట్టరికం గురించి మాట్లాడొచ్చు.

ఈ ఊళ్లో అందరికీ నోటికొచ్చిన జంట ఒకటుంది: 'విశాఖ ఉక్కు, ఆంధ్రుల హక్కు'. గాజువాక, కూర్మన్నపాలెం గోడల మీద ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. నాలుగు మాటల ఈ నినాదాన్ని ఒక రచనలా చదివితే ఏం కనిపిస్తుందా అని ఈమధ్య కూర్చున్నాను.

ముందు ఉక్కు. తమిళ, మలయాళాల్లో 'ఉరుక్కు'. 'ఉరుకు' అంటే అక్కడ కరగడం. ఉక్కంటే కరిగించి తీసినది. (మన 'ఉరుకు' పరుగెత్తడం, తమిళ క్రియలా వినిపించే వేరే మాట.) మరి 'రు' ఎటుపోయింది? వంటింట్లోకి తొంగి చూస్తే చాలు. తమిళ పరుప్పు మనకి పప్పు. మరుందు మందు, ఎరుదు ఎద్దు, మరుదు మద్ది. ప్రతిచోటా మధ్యలో ఉన్న 'రు' మాయం. సాక్ష్యమంటే ఇది. చెవికి అంత దగ్గరగా లేకపోయినా ఇవి ఒక ఇంటి మాటలే.

ఉక్కు ఓడెక్కి వెళ్లాక దాని రూపం ఇంకా చెదిరిపోయింది. 1795లో జార్జ్ పియర్సన్ లండన్ రాయల్ సొసైటీకి భారతీయ ఉక్కు మీద పత్రం సమర్పిస్తూ దాన్ని 'వూట్జ్' అన్నాడు. అది 'వూక్' అని రాసినదాన్ని తప్పుగా చదవడం వల్ల పుట్టిందేమోనని హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు అనుమానం. ఆ 'వూక్' మన దక్షిణాది ఉక్కే. అంటే నీరులా వినిపించే నెరో మనకేమీ కాదు, ఉక్కులా వినిపించని వూట్జ్ మాత్రం మన బిడ్డ.

ఇక హక్కు. దీని మూలం అరబ్బీ 'హఖ్ఖ్'. సత్యం, న్యాయం, న్యాయంగా రావలసినది, ఇన్ని అర్థాలు అక్కడ. పారశీకం, ఉర్దూల మీదుగా కచేరీ కాగితాల్లోకి వచ్చి, చివర ఒక 'ఉ' తగిలించుకుని మనదైపోయింది. భూమి దస్తావేజుల్లో 'హక్కుభుక్తాలు' అని ఇప్పటికీ రాస్తారు. దారిలో సత్యం రాలిపోయి, రావలసినది మిగిలింది.

ఒకటి ద్రావిడం, ఇంకొకటి అరబ్బీ. మొదటి అక్షరం తప్ప అంతా ఒకటే, చుట్టరికం మాత్రం సున్నా. నినాదం చేసిన పని, ఆ రెండింటినీ పుట్టుకతోనే ఒకటన్నట్టు వినిపించడం. ప్రాసకున్న బలం అది. వాదించదు, చెవిని ఒప్పించేస్తుంది. 1966 నవంబరు 1న విశాఖలో పోలీసు కాల్పులు జరిగాయి. ఆ ఉద్యమంలో రాష్ట్రమంతటా 32 మంది చనిపోయారని చెప్తారు. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు. ఆ ప్రాసకి అర్థం నిఘంటువు ఇవ్వలేదు, వాళ్లిచ్చారు.

అయినా విమర్శకుడి పని ఇక్కడితో అయిపోదు. ప్రాస గట్టిగా మోగినప్పుడు పక్క మాట వినపడదు. ఇక్కడ ఆ పక్క మాట 'ఆంధ్రుల'. ప్లాంటు కోసం 64 ఊళ్లు భూములిచ్చాయి. ఆ కుటుంబాల చేతిలో మిగిలింది ఆర్-కార్డు, వాళ్లకి మిగిలిన పేరు నిర్వాసితులు. ఉద్యోగం కోసం ఆ కార్డు పట్టుకుని ఏళ్ల తరబడి తిరిగినవాళ్లున్నారు. వాళ్ల హక్కుకి ప్రాస కుదిరే మాట ఎవరూ వెతకలేదు. నినాదం అబద్ధం కాదు, కానీ అందులో అందరూ సమానంగా లేరు.

2021 జనవరి 27న ప్లాంటులో నూరు శాతం వాటాలు అమ్మడానికి కేంద్ర మంత్రివర్గ కమిటీ ఒప్పుకుంది. కూర్మన్నపాలెంలో దీక్షా శిబిరం వెలిసింది, గోడల మీద పాత మాటలే కొత్త రంగుతో వచ్చాయి. మాటలకి పుట్టుకతో చుట్టరికం ఉంటే ఎవరూ కాపలా కాయక్కర్లేదు. పప్పు-పరుప్పుల బంధాన్ని ఏ కమిటీ తెంచగలదు? ఉక్కు-హక్కులది మనుషులు కట్టిన బంధం, మనుషులే నిలబెట్టాలి.

ఇదంతా చెప్తే బావ కాసేపు మాట్లాడలేదు. "అంటే ఆ రెండూ కలవడం ఉత్త యాదృచ్ఛికమేనా?" అన్నాడు.

"మాటల వరకూ అంతే బావా."

"మరి గ్రూపులో ఏటని పెట్టమంటావ్?"

నీరు సంగతి ముందు డిలీట్ చెయ్యమన్నాను.