కత్తికి ఊరు కట్టబెట్టే ముందు

చెక్కడపు పని ఉన్న పాత కత్తి ఎవరి చేతికి వచ్చినా చూపు ముందు పిడి మీదే పడుతుంది. సింహం మొహమో, లతల అల్లికో కనబడగానే నోట ఊరి పేరు కూడా వచ్చేస్తుంది. అనుభవం ఉన్నవాళ్లు మాత్రం పిడిని ఆఖరికి పెట్టుకుని అలుగుతో మొదలుపెడతారు.

శ్రీలంకలో క్యాండీ రాజుల కాలపు ‘పిహా కెత్త’ అనే కత్తినే తీసుకోండి. వెన్ను తిన్నగా సాగుతుంది, వాదర మొన దగ్గర పైకి తిరుగుతుంది. అలుగు మొదట్లో ఇత్తడి లేదా వెండి తాపడం, దాని మీద తీగల పని. కొమ్ముతోనో దంతంతోనో చేసిన పిడి చివర చుట్ట తిరిగి కిందికి వంగుతుంది. మేలురకం కత్తులకైతే ఒరలోనే తాటాకు మీద రాసే గంటానికీ చోటుంటుంది. ఇది ఊరి కమ్మరి కొలిమిలో తేలే పని కాదు. ‘పట్టల్ హతర’ అనే నాలుగు రాచ కార్ఖానాల పనివాళ్ల చేతిలో తయారయ్యేది. 1815లో క్యాండీ బ్రిటిష్ వారి వశమవడంతో ఆ రాజుల కాలం ముగిసింది. ఆనంద కుమారస్వామి 1908లో ప్రచురించిన ‘మిడీవల్ సింహళీస్ ఆర్ట్’ ఇప్పటికీ ఈ కత్తుల దగ్గరికి వెళ్లేవారు ముందు తెరిచే పుస్తకం.

పిహా కెత్తను కొడగు వారి పీచె కత్తితో కలిపేయడం తేలిక. అదీ పొట్టిదే, దానికీ ఒకవైపే వాదర, దానికీ వెండి పని. అయితే దాన్ని నడుముకు చుట్టిన ఎర్రపట్టు ‘చేలె’లో దోపుకుంటారు. ఒర నుంచి వెండి గొలుసులు వేలాడతాయి, వాటికి గుబిలి తీసే పుల్ల, చిన్న పట్టకారు లాంటివి తగిలిస్తారు. క్యాండీ అలుగు మీది తాపడం ఇక్కడ వెతికినా దొరకదు.

పిడిని నమ్మకపోవడానికి జావా బాకు ‘కెరిస్’ మంచి సాక్ష్యం. దాని పిడి అలుగు తోకకు బిగించినదే తప్ప శాశ్వతంగా అతికించినది కాదు, ఊడదీసి మార్చుకోవచ్చు. బాలి పిడి మీద దేవతలో రాక్షసులో కనిపిస్తారు, జావా పిడి తీరు వేరు. బాలి పిడి తొడిగినంత మాత్రాన అలుగు బాలిది కానక్కర్లేదు. దక్కన్‌లో వాడిన ‘ఫిరంగి’ ఖడ్గాలదీ ఇదే కథ. అలుగు యూరప్ నుంచి ఓడలో దిగేది, పిడి ఇక్కడ వేసేవారు.

పిడి వంతు వచ్చాక కూడా ముందు చూడాల్సింది బొమ్మ కాదు, పదార్థం. ఏనుగు దంతాన్ని అడ్డంగా కోస్తే ఒకదాన్నొకటి ఖండించుకునే సన్నని గీతలు కనిపిస్తాయి. ఎముకలో ఆ గీతలుండవు, నల్లటి సూక్ష్మ రంధ్రాలుంటాయి. వాల్రస్ కోర లోపలి భాగం గడ్డకట్టినట్టు మచ్చమచ్చలుగా ఉంటుంది. ఆ తర్వాత అరుగుదల. వేళ్లు ఆనేచోట చెక్కడం నునుపుదేరి, మూలల్లో పదునుగా మిగిలిందంటే ఆ కత్తిని ఎవరో నిజంగా వాడారు. అంతటా ఒకేలా మురికి పట్టిందంటే అనుమానించాల్సిందే. పిడిలో తోక చుట్టూ పాత లక్క ఉందా, కొత్త జిగురు మెరుస్తోందా అన్నది కూడా భూతద్దంతో చూస్తారు.

అన్నీ సరిపోయినా చిక్కు తీరదు, ఒకే కత్తికి సరుకు వేర్వేరు చోట్ల నుంచి వచ్చి ఉండొచ్చు. నిజామాబాద్ ప్రాంతంలోని కోనసముద్రానికి పారశీక వర్తకులు స్వయంగా వచ్చి ఉక్కు దిమ్మలు కొనుక్కెళ్లేవారని 19వ శతాబ్దం తొలినాళ్లలో భూగర్భ శాస్త్రజ్ఞుడు హెన్రీ వోయిసీ రాశాడు. ఆ ఉక్కుతో ఇరాన్‌లో సాగగొట్టిన అలుగుకు ఉత్తర సముద్రాల వాల్రస్ కోరతో పిడి వేస్తే, చీటీ మీద ‘ఇరాన్’ అన్న ఒక్క మాట సగం సంగతే చెబుతుంది. అందుకే జాగ్రత్తపరుడైన సేకర్త అలుగు, పిడి, ఒర అని మూడు వరుసలు గీసుకుంటాడు, తేలనిచోట ఖాళీ వదులుతాడు. ఖాళీ ఉంటే ధర పడిపోతుందని అమ్మకందారు మాత్రం మూడింటికీ ఒకే ఊరు రాసి పంపుతాడు.