పువ్వు దాచుకున్న వాసన

జాజి నుంచి, గులాబీ నుంచి అత్తరు తీస్తారు. గంటల్లా వేలాడే చిన్న తెల్లపూలైన మ్యుగే మాత్రం ఎంత కాచినా పనికొచ్చే తైలమివ్వవు. ఫ్రాన్స్ పరిమళ నిపుణుడు ఎడ్మండ్ రూద్నిత్స్కా (1905–1996) గ్రాస్ దగ్గరి కాబ్రిస్‌లో, తన తోటలోనే ఆ మొక్కలు పెంచారు. పూలను వాసన చూస్తూ, హైడ్రాక్సీసిట్రోనెల్లాల్ వంటి పదార్థాలను పాళ్లు కుదిరేదాకా కలిపారు. అలా వచ్చిందే 1956 నాటి డియోరిస్సిమో పరిమళం. 1966లో ‘ఓ సోవాజ్’ అనే పరిమళంలో జాజి వాసనను తలపించే హెడియోన్ అనే పదార్థం చేర్చి నిమ్మవాసనకు గాలీ వెలుతురూ ఇచ్చారు. తీపి, బరువు పెరిగిన పరిమళాల కాలంలో అనవసరమైనది తీసేయడమే పనితనమని చేసి చూపించారు. ఆయన చేసినవి కొద్దే, కానీ ప్రతిదీ తర్వాతివాళ్లకు పాఠమే.