ఆపడమూ ఒక విద్యే

ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద బయోటెక్నాలజీ పాఠ్యపుస్తకాలు తిరగేస్తే మళ్లీ మళ్లీ కనిపించేది ఒకటే బొమ్మ. ఎడమన ప్రమోటర్, మధ్యలో జన్యువు, కుడి చివర చిన్న డబ్బాలో టెర్మినేటర్. ప్రమోటర్ జన్యువును చదవడం మొదలుపెట్టిస్తుంది, టెర్మినేటర్ ఆపిస్తుంది. మొదటిదానికి పేజీలకు పేజీలు, చివరిదానికి రెండు ముక్కలు. నాకైతే ఇది అన్యాయం అనిపిస్తుంది.

ఆ పక్కనే నాంపల్లిలో, గాంధీభవన్ దగ్గరి గృహకల్పలో సీడీఎఫ్‌డీ చాలా ఏళ్లు నడిచింది. డీఎన్ఏ వేలిముద్రల సంస్థగానే జనానికి తెలుసు. ఉప్పల్‌కు మారకముందు అక్కడ రంజన్ సేన్ బృందం ఈ ఆపడం మీదే ఏళ్లకేళ్లు పనిచేసింది. ఈ-కోలై బాక్టీరియాలో రో అనే ప్రోటీన్ ఉంది. ఆరు ముక్కల వలయం. అప్పుడే తయారవుతున్న ఆర్ఎన్ఏను పట్టుకుని, ఏటీపీ ఖర్చు చేస్తూ, దాన్ని తయారుచేస్తూ ముందు పోతున్న పాలిమరేజ్‌ను తరిమి పట్టి పని మాన్పిస్తుంది. పీ4 అనే వైరస్ తన పీఎస్‌యూ ప్రోటీన్‌తో ఈ రోకే ఎలా అడ్డుపడుతుందో ఆ బృందం విప్పి చూపింది.

మొక్క కణకేంద్రంలో రో లేదు. అక్కడ జన్యువు చివరి సంకేతం రాగానే ఎంజైములు ఆర్ఎన్ఏను కోసి, అడెనిన్ల తోక తగిలిస్తాయి. తోక కుదరని ఆర్ఎన్ఏ ఎక్కువసేపు నిలవదు. నాంపల్లి స్టేషన్లో పట్టాలే అయిపోతాయి కాబట్టి రైలు ఆగక తప్పదు. డీఎన్ఏకి ఆ సౌకర్యం లేదు. టెర్మినేటర్ బలహీనమైతే పాలిమరేజ్ పక్క జన్యువులోకి పోతుంది.

మన పత్తినే చూడండి. 2002లో అనుమతి వచ్చిన బీటీ పత్తిలో పురుగును చంపే క్రై1ఏసీ జన్యువుకు ముందు కాలీఫ్లవర్ మొజాయిక్ వైరస్ నుంచి తీసిన 35ఎస్ ప్రమోటర్, వెనక సోయా టెర్మినేటర్. 2006 నాటి రెండో తరం బీటీ పత్తి బీజీ-2లో అదనంగా చేరిన క్రై2ఏబీకి ఆగ్రోబాక్టీరియం నుంచి తెచ్చిన నాస్ టెర్మినేటర్. 35ఎస్ మొక్కంతటా, రాత్రీపగలూ పనిచేస్తుందని పేరు. అయినా పంట ముదిరేకొద్దీ క్రై1ఏసీ తగ్గుతుందని పొలాల్లో కొలిచినవాళ్లు తేల్చారు. ప్రమోటర్ ఒక్కటి గట్టిదైతే చాలదన్నమాట.

2010లో జపాన్ శాస్త్రవేత్తలు అరాబిడాప్సిస్ అనే చిన్న మొక్క కణాల్లో నాస్ తీసేసి హెచ్ఎస్‌పీ టెర్మినేటర్ పెట్టారు. ప్రమోటర్ అదే, జన్యువూ అదే. పనితనం మాత్రం దాదాపు రెట్టింపు!

డిగ్రీ కాలేజీల్లో ఈ పాఠం చెప్పే మాస్టార్లకు ఒక మనవి. బోర్డు మీద ఆ బొమ్మ గీసినప్పుడు కుడి చివరి డబ్బా దగ్గర ఒక్క క్లాసు ఆగండి. పరీక్షలో దానిమీద ఓ ప్రశ్న కూడా వెయ్యండి.