జకాల్లా రేవులో పరదేశులు

శనివారం సాయంత్రం నలుగురైదుగురు పిల్లలు బల్ల చుట్టూ చేరి, కాగితాలూ పెన్సిళ్ళూ ముందేసుకుని, ఇరవై ముఖాల పాచికలు దొర్లిస్తూ గంటల తరబడి మాట్లాడుకోవడం మన పాఠకుల్లో చాలామంది చూసే ఉంటారు. ఒకరు సూత్రధారి. మిగిలినవారు తలో పాత్రా ధరిస్తారు. సూత్రధారి సన్నివేశం చెబుతాడు, పాత్రధారులు తామేం చేస్తారో చెబుతారు, ఫలితం పాచిక తేలుస్తుంది. 1974లో గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ పేరుతో అచ్చువేసి అమ్మిన ఆట ఇది. దీన్ని మనవాళ్ళు చదువు పాడుచేసే వ్యసనమనో, పోనీ టీవీ కంటె నయమనో అనుకుని ఊరుకుంటారు. కాని ప్రతి ఆట వెనకా ఒక కల్పిత లోకం ఉంటుంది. దానికో భూగోళం, చరిత్ర, దేవతలు, చట్టాలు ఉంటాయి. ఎవరో కూర్చుని రాసినదే అది. రాసినది గనక దాన్ని సాహిత్యంలాగే చదివి మంచిచెడ్డలు చెప్పవచ్చునని మా అభిప్రాయం.

ఈ లోకాల్లో ఎక్కువ భాగం ఒకే అచ్చులో పోసినవి. ఐరోపా కోట, సారాకొట్టు, గడ్డాల మరుగుజ్జులు, కోసుచెవుల వనవాసులు. ఎప్పుడైనా మన వైపు చూపు తిప్పారా అంటే, 1980లో వచ్చిన ‘డైటీస్ అండ్ డెమిగాడ్స్’ అనే పుస్తకంలో ఇంద్రుడికీ, అగ్నికీ, విష్ణువుకీ ఎన్ని దెబ్బలు తగిలితే ప్రాణం పోతుందో అంకెలు వేసి మరీ ఇచ్చారు. కోపగించుకోవలసిన పని లేదు. గ్రీకు దేవతలకూ అదే గతి పట్టించారు. అయితే దేవుడంటే పెద్ద పహిల్వాను అనుకునేవారికి గుడి అంటే ఏమిటో, దాని చుట్టూ ఊరెలా బతుకుతుందో తెలిసే అవకాశం లేదు.

తెలిసినవాడు ఒకాయన ఉన్నాడు. ఎం.ఎ.ఆర్. బార్కర్, మినెసోటా విశ్వవిద్యాలయంలో దక్షిణాసియా భాషల ఆచార్యుడు. 1929లో అమెరికాలో పుట్టి, 1950ల మొదట్లో చదువుకోసం ఇండియా వెళ్ళి, అక్కడ ఇస్లాం స్వీకరించాడు. విదేశీ విద్యార్థులకోసం ఉర్దూ, బలూచీ పాఠ్యపుస్తకాలు రూపొందించినవాడు. చిన్నతనం నుంచీ మనసులో కట్టుకుంటూ వచ్చిన ‘టెకుమెల్’ అనే లోకాన్ని 1974లో ఆటగా రాసి, మన ఈ పత్రికలాగే సైక్లోస్టైలు చేసి పంచాడు. మరుసటి ఏడు టి.ఎస్.ఆర్. కంపెనీ దాన్ని ‘ఎంపైర్ ఆఫ్ ది పెటల్ థ్రోన్’ అనే పేరుతో అచ్చువేసింది. వెల 25 డాలర్లు. అసలు ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ పది డాలర్లకే వచ్చిన రోజులవి. ఈ లోకం ఎక్కువమందికి తెలియకపోవడానికి ఆ వెల ఒక కారణం, నోరు తిరగని పేర్లు మరో కారణం.

టెకుమెల్‌లో ఆకాశాన నక్షత్రాలు లేవు. వేల ఏళ్ళ క్రితం ఆ గ్రహం గ్రహంగానే విశ్వం నుంచి తెగిపోయి ఎక్కడో చిక్కుకుంది. ఇనుము దొరకదు, గుర్రం లేదు. ‘చ్లెన్’ అనే పెద్ద జంతువు తోలును ఊరబెట్టి గట్టిపరచి కత్తులూ కవచాలూ చేసుకుంటారు. రాజమార్గం మూడంతస్తుల గోడ. పై అంతస్తు మీద పెద్దవారు, కింద సామాన్యులు నడుస్తారు. మనుషులంతా చామనచాయవాళ్ళే. చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం గారి జానపద సీరియల్స్ కోసం నెల నెలా ఎదురుచూసినవారికి ఇలాంటి వింతలు కొత్త కావు. వింతలకు మించినది అక్కడి మర్యాద.

బార్కర్ భాషావేత్త. దేశంతో పాటే అక్కడి మనుషులకు భాష కూడా కట్టాడు. త్సొల్యాను సామ్రాజ్యపు భాషలో ఎదుటి మనిషిని సంబోధించే మాటలు ఎన్నో ఉన్నాయి. ఎవరు, ఏ వంశం, ఏ హోదా అన్నదాన్ని బట్టి మాట మారుతుంది. తప్పు మాట వాడితే పరువునష్టం. నువ్వు, మీరు, తమరు అనే మూడింటితో పెరిగిన మనకు ఇది విప్పి చెప్పనక్కరలేదు. ఒకే ‘యూ’తో తాతగారినీ తమ్ముణ్ణీ పిలిచే మన పిల్లలకు మాత్రం ఆట మొదటి గంటలోనే తెలిసివస్తుంది. అక్కడ మనిషి ఒంటరివాడు కాడు. వంశపు ఇల్లుంటుంది, అందులో అన్నం దొరుకుతుంది, అప్పు దొరుకుతుంది, పెళ్ళి కుదురుతుంది, తలవంపులు తెస్తే నిలదీసేవారూ ఉంటారు. దెబ్బలాట వస్తే ‘షామ్‌త్లా’ అని నష్టపరిహారం కట్టి తగువు తీర్చుకోవచ్చు. ‘అరిదాని’నని ప్రకటించుకున్న స్త్రీకి చట్టం ముందు మగవాడితో సమానమైన హక్కులు వస్తాయి. కత్తి దూసే ముందు ఆలోచించవలసిన సంగతులు ఇన్ని ఉన్న ఆటను మేము మరొకటి చూడలేదు.

ఇంతకూ 1975 నాటి ఆటలో పాత్రలు ప్రవేశించే తీరు చూడండి. వారు ఎక్కడో అనాగరిక దేశం నుంచి చిన్న పడవలో జకాల్లా అనే రేవులో దిగుతారు. ఊరి నడుమకు వెళ్ళడానికి వీల్లేదు; పరదేశుల పేటలోనే ఉండాలి. భాష రాదు, మర్యాద తెలియదు. ఎవరైనా పెద్దమనిషి పని ఇచ్చి, ఆదరించి, హామీ పడితే గాని పౌరులు కాలేరు. వీసా కాగితాలు పట్టుకుని ఈ దేశపు విమానాశ్రయంలో దిగినవారికి ఈ ఘట్టం చదువుతుంటే నవ్వు రాదు. ఇక్కడ అనాగరికుడి వేషం తెల్లపిల్లవాడిది, మర్యాద నేర్పే వేషం మన రంగువాడిది. ఈ తారుమారు ఒక్కటే చాలు, ఆట వెల గిట్టిందనడానికి.

1983 నాటి ‘స్వోర్డ్స్ అండ్ గ్లోరీ’లో ఆయన వివరం మీద వివరం గుమ్మరించాడు, అది ఆట పుస్తకం కంటె జిల్లా గెజిటీరు అనిపిస్తుంది. 1984లో వచ్చిన ‘ది మాన్ ఆఫ్ గోల్డ్’ నవల నయం. ప్రాచీన భాషలు చదివే హర్సన్ అనే యువ పూజారి అందులో నాయకుడు. బానిసత్వం, కొరత వేయడం, పుట్టుకను బట్టి హోదా అన్నీ ఈ లోకంలో నిత్యకృత్యాలు. రచయిత వాటిని మెచ్చుకోడు, ఎదిరించే దారీ చూపడు. ఆటగాడు ఆ నిచ్చెన ఎక్కవచ్చు, నిచ్చెనను ప్రశ్నించడానికి పుస్తకంలో ఒక్క పుటా లేదు. దీన్ని చాలాకాలం పండితుడి నిష్పాక్షికత అన్నారు.

బార్కర్ 2012లో పోయాడు. పదేళ్ళకు, 2022 మార్చిలో, ఆయన రచనల బాగోగులు చూసే టెకుమెల్ ఫౌండేషనే ఒక సంగతి ఒప్పుకుంది. 1991లో మారుపేరుతో వెలువడిన ‘సర్పెంట్స్ వాక్’ అనే నవల ఆయనదే. ఓడిన నాజీలు రహస్యంగా బతికి, శతాబ్దం తరవాత మళ్ళీ లేచే కథ. వారినే వీరులుగా నిలబెట్టిన కథ. యూదుల ఊచకోత జరగలేదని వాదించే ఒక పత్రిక సలహా సంఘంలో కూడా ఆయన ఏళ్ళ తరబడి ఉన్నాడు.

మన భాషల పొరుగున బతికి, మన మర్యాదలను ఇంత సూక్ష్మంగా పట్టుకున్నవాడు ఆ పని ఎలా చేశాడని కొందరు మిత్రులు అడిగారు. ఒక సమాజాన్ని తెలుసుకోవడమూ, మనుషులందరినీ సమానంగా చూడడమూ ఒకటేనని మనం అనుకోవడం వల్ల వచ్చిన ప్రశ్న అది. మన సంస్కృతిని ఎవరైనా తెల్లవారు మెచ్చుకుంటే చాలు, మురిసిపోయి శాలువా కప్పే అలవాటు మన సంఘాలకు ఉంది; అందుకే ఈ మాట ఇక్కడ రాయవలసి వచ్చింది. ఆ నిచ్చెన గురించి రచయిత మౌనం ఇప్పుడు మాకు నిష్పాక్షికతగా వినిపించడం లేదు.

ఆటను పారేయమని మాత్రం మేము అనము. పరదేశుల పేటలో గడిపే ఆ మొదటి రోజులకు సాటి వచ్చేది మరో ఆటలో లేదు. ఆడించే పెద్దలు రచయిత సంగతి పడవ దిగకముందే పిల్లలకు చెప్పాలి. బానిసల బజారు వచ్చినప్పుడు ఏం చేస్తారని వాళ్ళనే అడగాలి, పుస్తకం అడగదు గనక. ఆ పేరు అసలు ఇంట్లోకి రానివ్వమనేవారికి గ్రెగ్ స్టాఫర్డ్ 1966లో మొదలుపెట్టిన ‘గ్లొరాంతా’ ఉంది. 1978 నుంచి ‘రూన్‌క్వెస్ట్’ అనే ఆటగా దొరుకుతోంది. అందులోనూ కులదేవతలు, కుదుళ్ళు, ఊరి పంతాలు ఉన్నాయి. సంబోధనల రుచి మాత్రం అంత లేదు.