అభిమాని, అభిమానవతి: భానుమతి స్మరణలో చాటుధోరణి

‘అభిమానం’ అన్న మాటకు తెలుగులో రెండు అర్థాలు స్థిరపడ్డాయి. ఒకటి తన మీద తనకుండే గౌరవం. దుర్యోధనుణ్ణి అభిమానధనుడని మనవాళ్లు అనేది ఈ అర్థంలోనే. రెండవది ఎదుటివారి మీద ఉండే ప్రీతి. సినిమా వచ్చాక ఈ రెండవ అర్థంలోంచి ‘అభిమాని’ అనే మాట ఒక సామాజిక వర్గానికి పేరైంది. మొదటి అర్థం ‘అభిమానవతి’ వంటి మాటల్లో, ఎక్కువగా గ్రాంథికంలో, మిగిలింది. పి. భానుమతి (1925–2005) విషయంలో ఈ రెండు అర్థాలూ ఒకచోట కలుస్తాయి. ఆమె అభిమానులు ఆమెలో ప్రేమించేది ప్రధానంగా ఆమె అభిమానాన్నే. 2005 డిసెంబరు 24న చెన్నైలో ఆమె మరణించిన తర్వాత వచ్చిన స్మరణలను, ఏటా ఆ తేదీకి పత్రికలు వేసే వ్యాసాలను, పెద్దవాళ్లు ఇళ్లల్లో చెప్పుకొనే మాటలను కలిపి చూస్తే ఈ విషయం స్పష్టపడుతుంది. ఈ స్మరణకు ఒక సాహిత్యరూపం ఉందని, ఆ రూపం భానుమతిని ఒక విధంగా నిలిపి మరొక విధంగా మరుగుపరిచిందని చూపడం ఈ వ్యాసం ఉద్దేశం.

తెలుగులో మృతులను తలచుకొనే కవిత్వానికి గట్టి ఉదాహరణలున్నాయి. విశ్వనాథ సత్యనారాయణ ‘వరలక్ష్మీ త్రిశతి’ భార్య కోసం రాశారు. శ్రీశ్రీ ‘మహాప్రస్థానం’ అంకితగీతం మిత్రుడు కొంపెల్ల జనార్దనరావు కోసం వచ్చింది. రెండింటిలోనూ దుఃఖించేవాడికి పోయినవారితో ప్రత్యక్ష సంబంధం ఉంది, ఆ సంబంధమే కవితకు అధికారం ఇస్తుంది. సినిమా అభిమానికి ఆ అధికారం లేదు. పోయిన వ్యక్తి అతణ్ణి ఎన్నడూ ఎరగదు. అందువల్ల అతని స్మరణ ‘నేను కోల్పోయాను’ అని మొదలు కాలేదు, ‘ఆమె ఇలా అన్నారట’ అని మొదలవుతుంది. ‘అట’ అనే ఈ చిన్న ప్రత్యయమే అభిమాని స్మరణకు పునాది. వినికిడికి సాక్ష్యం ఉండదు, కానీ విన్నవాళ్ల సమాజం ఉంటుంది.

భానుమతిని గురించిన స్మరణల్లో తరచుగా కనిపించే కథనానికి ఒక చట్రం ఉంది. ముందు అధికారం గల మగవాడొకడు ఉంటాడు, నిర్మాతో, దర్శకుడో, అగ్రహీరోనో. అతను ఆమె చేత ఏదో ఒప్పించబోతాడు. ఆమె ఒక మాట అంటుంది. అతను ఊరుకుంటాడు, లేదా ఆమె లేచి వెళ్లిపోతుంది. ‘మిస్సమ్మ’ (1955) ఉదంతం వీటిలో బాగా ప్రసిద్ధం. ముందుగా భానుమతితో మొదలుపెట్టిన ఆ చిత్రం నిర్మాత చక్రపాణితో వచ్చిన పట్టింపు వల్ల ఆమె చేతుల్లోంచి జారి సావిత్రిని చేరింది. ఆ రోజు ఎవరు ఎంత ఆలస్యంగా వచ్చారు, ఎవరు ఎవరిని క్షమాపణ కోరారు అన్న వివరాలు చెప్పేవారిని బట్టి మారుతుంటాయి. మారనిది చివర ఆమె తల వంచకపోవడం.

ఇది చాటువు చట్రం. శ్రీనాథుడు, తెనాలి రామకృష్ణుడు రాజసభలో ఎవరినో ఒక్క పద్యంతో నిలదీసిన కథలన్నీ ఇలాగే నడుస్తాయి. చాటువులకు కర్తృత్వ నిర్ధారణ అడగడం అర్థం లేని పని అని, అవి ఒక సాహిత్య సమాజం తన కవులను గురించి తానే నోటితో రాసుకున్న చరిత్ర అని వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ 1998లో ప్రచురించిన చాటు సంకలనంలో వాదించారు. ఆ వాదాన్ని సినిమాకు వర్తింపజేయవచ్చు. భానుమతి చాటువులు జరిగాయా లేదా అన్నది మనకు అంత ముఖ్యం కాదు. తెలుగు ప్రేక్షకలోకానికి అటువంటి స్త్రీ ఒకరు కావలసి వచ్చిందన్నది ముఖ్యం.

ఐతే ఒక తేడా ఉంది. శ్రీనాథుడి చాటుకథ ఎంత కల్పితమైనా దాని చివర ఒక పద్యం ఉంటుంది. కథ పద్యాన్ని మోసుకు వస్తుంది. భానుమతి చాటుకథ చివర ఉండేది ఒక సమాధానం మాత్రమే. అది ఆమె పాటను గాని, రాసిన వాక్యాన్ని గాని, తీసిన సినిమాను గాని మోసుకురాదు. 1953లో ‘చండీరాణి’ని ఆమె తెలుగు, తమిళ, హిందీ భాషల్లో దర్శకత్వం వహించి తీశారు. ఈ వాస్తవం స్మరణ వ్యాసాల్లో ఒక బిరుదులా వస్తుంది, ‘తొలి మహిళా దర్శకురాలు’ అని. ఆ చిత్రంలో ఆమె ఏం చేశారన్నది దాదాపుగా రాదు. చాటువు మనిషిని పెంచి పనిని కుదించింది.

దీనికి తోడు ఒక పదవిన్యాసం కూడా జరిగింది. బ్రతికి ఉన్నంతకాలం ‘పొగరు’ అని చెప్పుకున్న గుణాన్నే మరణానంతరం ‘ఆత్మాభిమానం’ అన్నారు. ఇదే గుణానికి మగనటుల విషయంలో ‘ఠీవి’, ‘రాజసం’ అన్న మాటలు బ్రతికి ఉండగానే వాడతారన్నది చెప్పనక్కరలేదు. సంబోధనలోనూ ఒక విశేషం ఉంది. తెలుగు ప్రేక్షకుడు సావిత్రిని ‘సావిత్రి’ అంటాడు, సౌందర్యను ‘సౌందర్య’ అంటాడు. ఇంట్లో పిల్ల పేరులా వస్తుంది ఆ మాట. భానుమతి దగ్గరికి వచ్చేసరికి ‘భానుమతిగారు’ అవుతుంది. సావిత్రి చనిపోయింది 1981 డిసెంబరు 26న. రెండు వర్ధంతుల మధ్య రెండు రోజుల ఎడం. ఒకే వారం పత్రికల్లో ఈ ఇద్దరి స్మరణలూ పక్కపక్కన వస్తాయి కనుక తేడా ఇంకా బాగా కనిపిస్తుంది. సావిత్రి స్మరణ జాలితో నడుస్తుంది, ‘మహానటి’ (2018) చిత్రం కూడా ఆ దారినే పోయింది. భానుమతి మీద జాలిపడడానికి అభిమానికి చోటు దొరకలేదు. చోటు దొరకని ప్రేమ గౌరవవాచకం వెనక్కి వెళ్లింది.

ఇక గొంతు సంగతి. నేపథ్యగానం స్థిరపడిన తర్వాత దక్షిణాది సినిమాలో కనిపించే స్త్రీ, వినిపించే స్త్రీ వేరయ్యారు. ఆ విభజన స్త్రీల మర్యాదను గురించిన భావాలతో ఎలా ముడిపడిందో అమాండా వైడ్‌మన్ 2021 నాటి గ్రంథంలో విస్తారంగా చర్చించారు. భానుమతి ఈ విభజనకు లొంగలేదు. ‘మిస్సమ్మ’ను మళ్లీ తలచుకుంటే ఇది తేటపడుతుంది. ఆ చిత్రంలో సావిత్రికి పి. లీల పాడారు. భానుమతి చేసి ఉంటే తానే పాడేవారు. అంటే ఒకరు ఖాళీ చేసిన చోటును నింపడానికి ఇద్దరు కావలసి వచ్చారు. అభిమానులు వెయ్యిసార్లు చెప్పుకొన్న ఈ కథలో ఈ చిన్న లెక్క మాత్రం ఎక్కడా కనబడలేదు, ఇది నాకు ఆశ్చర్యమే.

తండ్రి బొమ్మరాజు వెంకటసుబ్బయ్య సంగీతప్రియుడు. ఆయన శిక్షణలో పెరిగిన ఆమె 1939లో సి. పుల్లయ్య ‘వరవిక్రయం’లో కాళిందిగా వచ్చారు, అప్పటికి పదమూడేళ్లు. కట్నమిచ్చి వరుణ్ణి కొనే పెళ్లిని ఒప్పుకోక ప్రాణం తీసుకొనే పిల్ల పాత్ర అది. ‘స్వర్గసీమ’ (1945)లోని ‘ఓహో పావురమా’ ఆమెను ఇంటింటికీ తీసుకెళ్లింది. ఆ రోజుల కొలతలో అది ఇవాళ మనం పాప్ అనేదే. పాశ్చాత్య చిత్రంలో విన్న కూనిరాగపు ఛాయ, శాస్త్రీయ సంగీతం తెలిసిన గొంతు, నాటకరంగపు మోహిని పాత్ర కలిసి వచ్చిన పాట. దాని వెనక ఉన్న బాలాంత్రపు రజనీకాంతరావు పేరు తెరమీద రాలేదు. ‘మల్లీశ్వరి’ (1951) తర్వాత ఆమె గొంతుకు దేవులపల్లి కృష్ణశాస్త్రి మాట, సాలూరి రాజేశ్వరరావు బాణీ తోడయ్యాయి. స్మరణ వ్యాసాలు ఇక్కడే ఆగిపోతాయి. 1984లో, దాదాపు అరవయ్యేళ్ల వయసులో, ‘మంగమ్మగారి మనవడు’లో తన పాటను తానే పాడిన సంగతి అరుదుగా వస్తుంది. వయసు మళ్లిన స్త్రీ గొంతు తెరమీది వయసు మళ్లిన స్త్రీదే కావడం మన సినిమాలో ఎంత అరుదో ఆలోచిస్తే ఈ విస్మరణ చిన్నది కాదు.

పోల్చడానికి ఒక పేరు చెప్పాలి. టంగుటూరి సూర్యకుమారి పుట్టిందీ 1925లోనే, పోయిందీ 2005లోనే, ఏప్రిల్‌లో, లండన్‌లో. ఆమె కూడా గాయని, నటి. శంకరంబాడి సుందరాచారి ‘మా తెలుగు తల్లికి’ ఆమె గొంతులోనే జనంలోకి వెళ్లింది. ఆ పాట రాష్ట్రగీతమై బడుల్లో వేలాది గొంతులకు పంచబడి, మొదటి గొంతు పేరు పోగొట్టుకుంది. 2014 తర్వాత తెలంగాణలో ఆ పాట స్థానం కూడా మారింది. సూర్యకుమారికి పాట మిగిలి మనిషి మరుగైతే, భానుమతికి మనిషి మిగిలి పని మరుగైంది.

అభిమానుల మీద తెలుగులో జరిగిన పరిశోధన చాలావరకు మగనటుల సంఘాలను గురించినది. ఎస్.వి. శ్రీనివాస్ చిరంజీవిపై చేసిన అధ్యయనం (2009) అందులో ముఖ్యమైనది. సంఘం, ఫ్లెక్సీ, విడుదల రోజు కోలాహలం లేని అభిమానాన్ని ఎక్కడ వెతకాలన్న ప్రశ్నకు ఆ పద్ధతిలో జవాబు దొరకదు. నేనుండే బొల్లారంలో ఈ తేడా కళ్లకు కడుతుంది. (రాష్ట్రపతి నిలయం ఉన్న సికింద్రాబాదు బొల్లారం కాదు, పటాన్‌చెరు పక్కన మందుల, రసాయనాల ఫ్యాక్టరీలున్న బొల్లారం.) పారిశ్రామికవాడ కూడళ్లలో హీరోల పుట్టినరోజు ఫ్లెక్సీలు ఏడాది పొడుగునా ఉంటాయి. డిసెంబరు 24న ఏమీ ఉండదు. కానీ షిఫ్టు పనుల కోసం కోస్తా జిల్లాల నుంచి ఏళ్ల కిందట వచ్చి ఇక్కడే స్థిరపడిన ఇళ్లల్లో పెద్దవాళ్ల ఫోన్లలో ‘మల్లీశ్వరి’ పాటలున్నాయి. పరిచయమున్న ఒక పెద్దావిడ భానుమతిని పేరుతో అనరు, ‘మంగమ్మ’ అంటారు. ‘మల్లీశ్వరి’ ఆమె చూడలేదు. మాట పడని ముసలామె ఒకరు తెరమీద ఉండేవారన్నదే ఆమె జ్ఞాపకం. ఇది క్షేత్రపరిశోధన అనదగినది కాదు, ఇరుగుపొరుగు మాటలు. అయినా సంఘం లేని అభిమానం పాత్ర పేరు పట్టుకొని బ్రతుకుతుందన్న ఊహకు ఇవి చాలు. ఇదే ముసలామెను మరో రెండు మాటల్లో పట్టణపు వ్యాసకర్త ‘ఆత్మాభిమానానికి ప్రతీక’ అని రాస్తాడు. పెద్దావిడ మాట నాకు ఎక్కువ నచ్చింది, అందులో ప్రతీక లేదు.

చాటువు మరుగుపరిచిన వాటిలో అన్నిటికన్నా పెద్దది ఆమె వచనం. ‘అత్తగారి కథలు’కు ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ గౌరవం, ఆత్మకథ ‘నాలో నేను’కు సినిమా గ్రంథాలకిచ్చే జాతీయ పురస్కారం దక్కాయి. చాటువుల్లో కొన్నిటికి ‘నాలో నేను’ స్వయంగా మూలం. అక్కడ ఆమె తన తగవులను తానే చెప్పుకొన్నారు. అందుకే అభిమానులు ఆ పుస్తకాన్ని తరచు ఉదహరిస్తారు. ‘అత్తగారి కథలు’ను నవ్వించే పుస్తకమని మెచ్చుకొని వదిలేస్తారు. వదిలేయడానికి కారణం ఉంది. అందులోని ‘నేను’ చాటువుల్లోని భానుమతికి పూర్తిగా ఎదురు. ఈ కోడలు సమాధానాలు చెప్పదు. అత్తగారి మడి, పొదుపు, పట్టుదల, అమాయకత్వం చూస్తుంది, గుర్తుపెట్టుకుంటుంది, మనకు చెబుతుంది. పెదవి దాటని మాటే ఆ కథల్లో హాస్యం. స్టూడియోలో ఎవరి మాటా పడని మనిషి వంటింట్లో మాట మింగే కథకురాలిని సృష్టించింది.

హాస్యకథా సంప్రదాయంలో ఈ ఎంపిక విలువ తెలియాలంటే మునిమాణిక్యం నరసింహారావు కాంతం కథల పక్కన పెట్టి చూడాలి. అక్కడ భర్త చెబుతాడు, భార్య కథావస్తువు. భానుమతి కథల్లో చెప్పేదీ స్త్రీయే, చెప్పబడేదీ స్త్రీయే, మగవాళ్లు అంచుల్లో ఉంటారు. తెరమీద సూర్యకాంతం స్థిరపరచిన గయ్యాళి అత్తకు ఇక్కడ చోటు లేదు. ఈ అత్తగారు దుర్మార్గురాలు కాదు, ఓడిపోయేదీ కాదు. ఆమెను ఓడించాలని కోడలికీ లేదు. చాటువుకు గెలుపు ఓటములు కావాలి గనుక ఈ కథలు చాటువులో ఇమడవు. ఆమె అహంకారి అన్న విమర్శకు జవాబుగా అభిమానులు ఆమె ఉదారత కథలు వెతికి చెబుతారు. దానికన్నా బలమైన జవాబు ఈ పుస్తకంలో ఉంది. మరొక మనిషి విడ్డూరాన్ని అంత ఓపికగా, తనను వెనక్కి పెట్టుకొని చూడడం అహంకారికి సాధ్యపడే పని కాదు.

తమిళులు కూడా ఆమెను తమదిగానే తలచుకుంటారు. అణ్ణాదురై ఆమెను నటనకు వ్యాకరణమన్న బిరుదు అక్కడి స్మరణల్లో మొదటి వాక్యం. వ్యాకరణం అన్నప్పుడు పని గుర్తుకు వస్తుంది, పొగరు కాదు. తెలుగు స్మరణకు అటువంటి మొదటి వాక్యం ఇంకా దొరకలేదు. మనకున్నది ‘భానుమతిగారు’ అన్న పిలుపు. అందులోని ‘గారు’, ‘అత్తగారు’లోని ‘గారు’ ఒకటే. దగ్గరగా ఉండి కూడా చెయ్యి వేసి మాట్లాడలేని వారిని తెలుగిల్లు అలా పిలుస్తుంది. కోడలు ఆ ‘గారు’ను పుస్తకం పొడుగునా ఉంచుతూనే దాని వెనక నవ్వుకుంటుంది, ఆ నవ్వులో చనువు ఉంది. అభిమానులు ‘గారు’ను ఉంచారు గాని చనువును తీసుకోలేదు. ‘అత్తగారి కథలు’ను, ‘చండీరాణి’ని, 1984 నాటి ఆ పాటను ఒకే రచయిత్రి కృతులుగా పక్కపక్కన పెట్టి చదవడం మన శాఖల్లో ఇంకా జరగవలసి ఉంది.