కరగవలసిన గాజు

గాజునకు మన్నికయే ప్రధానగుణమని లోకము తలచును. నా వృత్తిలో నిత్యము నా యెదుట నుండు గాజు మాత్రము సకాలమున కరగవలసినది. విరిగిన యెముక సందున నిలిచి, దేహద్రవములలో కొద్దికొద్దిగా క్షయించుచు, తన మేనిపై ఎముక ఖనిజమువంటి పొరను పెంచుకొని, తుదకు ఎముకతో నేకమగుటకే అది పుట్టినది.

1967లో అమెరికా సైనిక పరిశోధనా సదస్సునకు బస్సులో పోవుచున్న శాస్త్రజ్ఞుడు లారీ హెంచ్‌ను, వియత్నామునుండి మరలివచ్చిన కర్నలొకడు, దేహము త్రోసిపుచ్చని పదార్థమును మీరేల చేయరాదని యడిగెనట. రెండేండ్లకు ఫ్లోరిడా విశ్వవిద్యాలయమున ఆయన కూర్చిన గాజులో బరువునుబట్టి నూటికి 45 పాళ్ళు సిలికా, 24.5 పాళ్ళు సోడియం ఆక్సైడు, అంతియే కాల్షియం ఆక్సైడు, 6 పాళ్ళు భాస్వరపు ఆక్సైడు. ఎలుకల తొడయెముకలం దమర్చిన తునకలు ఆరు వారములు గడచునప్పటికి ఊడదీయ శక్యము కాకుండ అంటుకొనిపోయినవి.

అదే గాజులో సిలికా నూటికి 60 పాళ్ళు దాటినచో ఎముక దానిని అంటదు. ఏల? స్ఫటికమునందు పరమాణువులు బారులు తీరి యుండును గనుక ఎక్స్ కిరణములు దాని గుట్టు విప్పిచెప్పగలవు. గాజునం దట్టి వరుస లేదు. అందుచేత మేము కొన్నివేల పరమాణువులను కంప్యూటరునందలి యొక ఊహామంజూషలో నుంచి, వాని ఆకర్షణ వికర్షణలను సూత్రబద్ధము గావించి, సెకనులో పది కోట్ల కోట్లవ వంతునకొకమారు ప్రతి పరమాణువు కదలికను లెక్కించుచు పోవుదుము. ఈ మార్గమును తీర్చినవారిలో అగ్రగణ్యుడు అనీసుర్ రహమాన్. హైదరాబాదున పుట్టి, ఉస్మానియాలో బోధించి, 1964లో అమెరికాలోని ఆర్గాన్ ప్రయోగశాలనుండి 864 ఆర్గాన్ పరమాణువుల ద్రవమును గూర్చి ఆయన ప్రకటించిన వ్యాసము మా విద్యకు మూలస్తంభము. మనవారిలో నెందరికో ఆ పేరు తెలియకపోవుట నాకు మిక్కిలి బాధ.

ఈ పనిలో నా మనస్సు నెక్కువగా పట్టి నిలుపునది చల్లార్చు ఘట్టము. ముదురుపాకమును చన్నీట వేసినప్పుడు పలుకులు కట్టుటకు వ్యవధి చాలక, గట్టిపడి, పళ్ళెమున కొట్టిన టంగుమని మ్రోగునుగదా. గాజు పుట్టుకయు అట్టిదే. అయితే కొలిమి గాజు నిదానముగ చల్లారును. మా గాజో, ఎంత ఓపికపట్టినను, సెకనుకు లక్ష కోట్ల డిగ్రీల వేగమున చల్లారును. ఆ తొందరపాటు దాని అల్లికయందు లోపముల నధికము చేయును. కావున ప్రయోగశాలవారి కొలతలతో సరిచూడనిదే, తెరపై గాజు ఎంత సొగసుగ గన్పట్టినను, దానినిగూర్చి వైద్యునకు మాట యీయరాదని నా నిశ్చయము.

సరిచూచిన పిదప నారంభమగు లెక్క నాకు పరమప్రీతికరము. ఒక సిలికాన్ పరమాణువును పట్టుకొని, దానిచుట్టు నున్న నాలుగు ఆక్సిజన్లలో ఎన్ని మరియొక సిలికాన్‌నకు వంతెనలై యున్నవో ఎన్నవలెను. హెంచ్ గాజులో అధికభాగమునకు వంతెనలు రెండే. అనగా అది వలకాదు, గొలుసులు. వాని సందులలో సోడియమును కాల్షియమును వసించును, భాస్వరము చాలవరకు గొలుసులలో చేరక విడిగా నుండును. నీరు చొచ్చుటకు త్రోవ సులభము. సిలికా పెరిగినకొలది వంతెనలు మూడును నాలుగునై వల బిగిసి, ఆ త్రోవ మూసికొనిపోవును.

హెంచ్ గాజునకు పూర్తిగా విరుద్ధమైనది కాలేయపు క్యాన్సరునకు వాడు యిట్రియం గాజు. 20, 30 మైక్రాన్ల పూసలుగా రక్తనాళముద్వారా కంతిని చేర్చెడు ఆ గాజు, 64 గంటల అర్ధాయువుగల రేడియోధార్మిక యిట్రియమును అది చల్లబడువరకు బయటకు జారనీయరాదు. ఒకటి కరగవలెను, ఒకటి కరగరాదు. రెండింటిని నిర్ణయించునది పై వంతెనల లెక్కయే.

కంప్యూటరు వచ్చినది గనుక ఇక కొలిమి యేల, జంతుపరీక్ష యేల అనువారితో నేను ఏకీభవింపలేను. నీరు తాకిన తొలిక్షణమున సోడియము వెడలుటయు, హైడ్రోజన్ దాని స్థానమున చేరుటయు మేము చూడగలము. ఆవల గంటలతరబడి జరుగు కార్యము, సిలికా జిగురుపొర యేర్పడి దానిపై ఎముక ఖనిజము నిలద్రొక్కుకొనుట, మా కాలపు కొలతలో ఇముడునది కాదు. అచ్చట ద్రవమున గాజుబిళ్ళను ముంచి, తీసి, మరల పరిశీలించు ప్రయోగశాలవారివద్దకే పోవుచుందుము.