హర్డిల్ దూకేది కాదు

మా హైస్కూల్లో హర్డిల్ అంటే రెండు పక్కలా పేర్చిన ఇటుకలు, వాటి మీద ఓ వెదురు కర్ర. పీఈటీ మాస్టారు ఈల ఊదగానే అందరం గాల్లోకి ఎగిరేవాళ్లం. ఎవడు ఎక్కువ ఎత్తు ఎగిరితే వాడే మొనగాడని మా లెక్క. ఆ లెక్క పూర్తిగా తప్పని తెలియడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. భారత హర్డిలర్ జ్యోతి యర్రాజి పరుగు వీడియోను నెమ్మదిగా తిప్పి చూస్తే పదికి పది హర్డిల్స్ దాటినా తల దాదాపు ఒకే గీత మీద సాగిపోతుంది. నెత్తిన నీళ్లబిందె పెట్టుకున్న మనిషి గుమ్మం దాటినట్టు దాటుతుందామె. కాకపోతే వేగం గంటకు 30 కిలోమీటర్లు!

కారణం సులువే. గాల్లో ఉన్నంతసేపూ కాలికి నేల అందదు. నేల అందనిదే వేగం పెరగదు. కాబట్టి హర్డిల్ మీద ఎంత తక్కువసేపు ఉంటే అంత మంచిది. ఆడవాళ్ల 100 మీటర్ల పరుగులో హర్డిల్ ఎత్తు 83.8 సెంటీమీటర్లు, అంటే ఇంచుమించు మన వంటింటి గట్టంత. దాన్ని అంగలో కలిపేసుకోవాలి. ముందుకాలు, కోచ్‌ల భాషలో లీడ్ లెగ్, మోకాలు ముందుగా లేచి, పాదం కర్ర దాటీ దాటగానే నేలను వెతుక్కుంటూ కిందికి రావాలి. అసలు కష్టం వెనక కాలిది. ట్రైల్ లెగ్ అంటారు. అది తొడ దగ్గర పక్కకు విచ్చుకుని, మోకాలు చంక కిందికి వచ్చేలా ముడుచుకుని, కర్ర మీదుగా తిరిగి మళ్లీ పరుగు దారిలోకి రావాలి. తుంటి బిగిసిపోయిన వాళ్లకు ఇది జన్మలో రాదు. హర్డిలర్లు పరుగు కంటే ముందు హర్డిల్స్ మీదుగా నడవడం సాధన చేసేది అందుకే. వరసగా పెట్టిన హర్డిల్స్‌ను ఒక్కొక్క కాలే ఎత్తి, తిప్పి, దించుతూ దాటుతుంటారు. చూసేవాళ్లకు విసుగొస్తుంది. వాళ్లకది వర్ణమాల దిద్దుకోవడం.

కర్రకు కాలు తగిలి హర్డిల్ పడిపోయినా తప్పేమీ లేదు. చేత్తోనో ఒంటితోనో తోసేస్తే మాత్రం తప్పు. కానీ తగిలిన ప్రతిసారీ లయ చెడుతుంది. ఈ పరుగంతా లయ మీదే నిలబడింది.

లెక్క చూడండి. మొదటి హర్డిల్ 13 మీటర్ల దూరంలో ఉంటుంది, సాధారణంగా ఎనిమిది అడుగుల్లో చేరతారు. ఆ తర్వాత ప్రతి రెండు హర్డిల్స్ మధ్యా 8.5 మీటర్లు. పదో హర్డిల్ నుంచి గీత దాకా 10.5. సుమారు రెండు మీటర్ల ముందే పైకి లేచి, ఒక మీటరు అవతల దిగుతారు కాబట్టి మధ్యలో పరుగెత్తడానికి మిగిలేది ఐదున్నర మీటర్లు. అందులో మూడంటే మూడు అడుగులు. ఒక్కోటి రెండు మీటర్ల లోపే. మంచి స్ప్రింటర్ మామూలుగా వేసే అంగ అంతకంటే పెద్దది. కొత్తవాళ్లకు హర్డిల్ అందదు. వేగం పెరిగినవాళ్లకు హర్డిల్ మీదికి వచ్చేస్తుంది! పొడుగువాళ్ల అవస్థ ఇంకా ఎక్కువ. కాళ్లు సాగదీయడం మాని, అడుగు కుదించి, చకచకా వెయ్యాలి. పరుగులో రాణించడానికి పనికొచ్చిన పొడవే ఇక్కడ అదుపులో పెట్టుకోవలసిన గుర్రమైపోతుంది.

జ్యోతి కథ మొదలైందీ ఆ పొడుగుతోనే. పుట్టింది 1999లో, విశాఖపట్నంలో. తండ్రి సెక్యూరిటీ గార్డు, తల్లి ఇళ్లల్లో పనికి వెళ్లేది. బడిలో వ్యాయామం నేర్పే మాస్టారు ఈ పిల్ల పొడుగు చూసి హర్డిల్స్‌కు పనికొస్తుందనుకున్నారు. 2015లో రాష్ట్ర స్థాయి అంతర్ జిల్లా పోటీల్లో స్వర్ణం, మరుసటేడు హైదరాబాద్‌లోని భారత క్రీడా ప్రాధికార సంస్థ (శాయ్) కేంద్రంలో ద్రోణాచార్య అవార్డు అందుకున్న రమేష్ దగ్గర శిక్షణ, కొన్నాళ్లు గుంటూరు, 2019 నుంచి భువనేశ్వర్‌లో బ్రిటిష్ కోచ్ జేమ్స్ హిల్లియర్. విని ఊరుకోవడానికి ఇదొక ప్రయాణాల జాబితా. కానీ వెనక కాలు ఎలా తిప్పాలో కళ్లతో పట్టుకుని సరిదిద్దే మనిషి కోసం మన పిల్లలు ఎన్ని ఊళ్లు మారాలో ఇందులో ఉంది.

జాతీయ రికార్డు 2002 నుంచి అనురాధా బిశ్వాల్ పేరిట ఉండేది, 13.38 సెకన్లు. జ్యోతి దాన్ని రికార్డు పుస్తకంలో దాటడానికి ముందు ట్రాక్ మీద రెండుసార్లు దాటేసింది. 2020లో మూడబిదిరిలో అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో 13.03 పరుగెత్తింది. డోప్ పరీక్ష జరగలేదు, అథ్లెటిక్స్ సమాఖ్య సాంకేతిక ప్రతినిధి లేరు, కాబట్టి లెక్కలోకి రాలేదు. 2022 ఏప్రిల్‌లో కోళికోడ్‌లో 13.09. ఈసారి గాలి అడ్డొచ్చింది. వీపు వెనక నుంచి వీచే గాలి సెకనుకు 2 మీటర్లు దాటితే రికార్డు చెల్లదు. ఆ రోజు 2.1 ఉంది. హర్డిలర్‌కు వెనక గాలి ఎప్పుడూ మేలే చేస్తుందనుకోకండి. ఒక్కో అడుగూ కాస్త ముందుకు తోసి, హర్డిల్‌కు మరీ దగ్గర చేసేస్తుంది. అలాంటి గాలిలో అడుగు తప్పకుండా వేసిన పరుగును పుస్తకం కొట్టేసింది. నిబంధన న్యాయమే, నాకు మాత్రం ఆ 0.1 మీద ఇప్పటికీ కోపం పోలేదు.

మరుసటి నెలలోనే, మే 10న, సైప్రస్‌లోని లిమాసోల్‌లో 13.23తో రికార్డు అధికారికంగా ఆమెదైంది. అదే నెలలో ఇంగ్లండ్‌లో 13.11, నెదర్లాండ్స్‌లో 13.04. అక్టోబరులో బెంగళూరులో 12.82, పదమూడు సెకన్ల లోపు పరుగెత్తిన తొలి భారతీయురాలు. 2023 జులైలో బ్యాంకాక్ ఆసియా చాంపియన్‌షిప్‌లో స్వర్ణం తెచ్చిన సమయం ఎంతో తెలుసా? 13.09. కోళికోడ్‌లో గాలికి పోయిన అంకే.

హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల ఫైనల్‌ను చాలామంది గొడవగా గుర్తుపెట్టుకున్నారు. పక్క లేన్‌లోని చైనా అమ్మాయి వూ యన్నీ తుపాకీ కంటే ముందే కదిలింది. ఆ కదలికకు జ్యోతీ లేచింది. అధికారులు ముందు ఇద్దరినీ తప్పించారు. జ్యోతి అక్కడికక్కడే అభ్యంతరం చెప్పి వాదించింది. చివరికి ఇద్దరినీ పరుగెత్తనిచ్చారు. మూడో స్థానంలో 12.91. తర్వాత వూను అనర్హురాలిగా ప్రకటించడంతో కాంస్యం రజతమైంది. వాదన కంటే నన్ను ఆశ్చర్యపరిచేది ఆ తర్వాతి పరుగు. గుండె దడదడలాడుతుంటే అడుగు దానంతటదే పెద్దదవుతుంది, మూడడుగుల లెక్క తప్పుతుంది. ఆమెది తప్పలేదు.

ఇక ఒలింపిక్స్ సంగతి. ఆమె స్థాయి పరుగులో ఒక హర్డిల్ దిగి తర్వాతిది దిగడానికి పట్టేది ఇంచుమించు ఒక సెకను. కోచ్‌లు స్టాప్‌వాచ్‌తో పట్టుకునేది ఈ విడి విడి సెకన్లనే. అలాంటివి తొమ్మిది. పారిస్‌కు నేరుగా అర్హత 12.77. ఆమె అత్యుత్తమం 12.78, 2023లో చెంగ్డూలో ఒకసారి, 2024లో ఫిన్లండ్‌లో మరోసారి. సెకనులో వందో వంతు తక్కువైంది. తొమ్మిది చోట్ల ఏదో ఒకచోట పాదం రెప్పపాటులో పదో వంతు ముందు నేలకు తగిలి ఉంటే చాలు. ఆఖరికి ర్యాంకింగ్‌తో వెళ్లింది, ఒలింపిక్స్‌లో 100 మీటర్ల హర్డిల్స్ పరుగెత్తిన తొలి భారతీయురాలిగా. అక్కడ 13.16, రెండో అవకాశంగా ఇచ్చే రెపెషాజ్‌లో 13.17. తన స్థాయి పరుగులు కావవి. దాచేదేముంది.

ప్రతి హర్డిల్ తర్వాత దిగే కాలి మీద ఒంటి బరువుకు కొన్ని రెట్లు పడుతుంది, రోజూ, ఏళ్ల తరబడి. 2025 జులైలో జ్యోతి మోకాలి లిగమెంట్ దెబ్బతింది. అంతకు ముందు మే నెలలోనే కొరియాలోని గుమిలో ఆసియా చాంపియన్‌షిప్ ఫైనల్ పరుగెత్తింది. వాన వల్ల పోటీలు ఆలస్యమై ప్రేక్షకులు వెళ్లిపోయారు. సగం పరుగయ్యేసరికి ఆమె వెనకబడే ఉంది. చివరి హర్డిల్స్ దగ్గర మిగతావాళ్ల అడుగులు బరువెక్కుతుంటే ఆమె మూడడుగులూ అలాగే పడ్డాయి. 12.96, పోటీల రికార్డు. మూడో స్థానంలో వచ్చిన అమ్మాయి వూ యన్నీ. పతకం మెడలో వేసుకుని జనగణమన వింటున్నప్పుడు ఎదురుగా ఉన్నవి ఖాళీ కుర్చీలు.